రచనా కోర్సు ముగుస్తోంది: విద్యార్థుల బ్లాగులకు మార్కులు ఎలా వేయాలి, ఆ తరువాత వాటిని ఏం చేయాలి?

ప్రశ్న (తెలుగు అధ్యాపకురాలు, ఉత్తర తెలంగాణ)

అందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. ఈ సెమిస్టరులో రెండో సంవత్సరం విద్యార్థులకు 30 గంటల సర్టిఫికెట్ కోర్సుగా వచన రచన నేర్పుతున్నాను. తరగతిలో ముప్పై ఆరుగురు ఉన్నారు. నోటుపుస్తకంలో రాయిస్తే దాన్ని నేనొక్కదాన్నే చదువుతాను, నా ఎర్ర సిరా చూసి వాళ్లు ఆ పుస్తకం మూసేస్తారు. అందుకని మొదటి వారంలోనే ఒక్కొక్కరి చేత ఒక్కో బ్లాగు తెరిపించాను. వారానికి ఒక టపా (పోస్టు) రాయాలి, తోటివారి టపాల్లో రెండింటికి వ్యాఖ్యలు రాయాలి. అంతకు మించి నియమాలేమీ పెట్టలేదు.

మొదటి నాలుగు వారాలు చాలా కష్టంగా గడిచాయి. ఇంట్లో కంప్యూటరు ఉన్నవాళ్లు ముగ్గురే కాబట్టి మిగిలినవాళ్లంతా ఫోనులోనే రాశారు. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగుగా మారే కీబోర్డు ఏ మాట చూపిస్తే ఆ మాటనే ఉంచేయడం వల్ల ‘కళ’ ‘కల’ అయింది, ‘పాలు’ ‘పళ్లు’ అయ్యాయి. వ్యాఖ్యలన్నీ ‘సూపర్’, ‘బాగుంది’ అన్న రెండు మాటలతో సరిపోయాయి. ఐదో వారంలో ఒక అబ్బాయి తన ఊరి చెరువు గురించి రాసిన టపా కింద మరో విద్యార్థిని ‘చెరువు ఎండిపోయిందని రాశావు కానీ, ఎండిన చెరువులో నువ్వు ఏం చూశావో రాయలేదు’ అని అడిగింది. అతడు మరునాడే ఆ టపాను తిరగరాశాడు. అప్పటి నుంచి తరగతి మారిపోయింది. నేను చెప్పి చెప్పి అలసిపోయిన విషయాన్ని వాళ్లు ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు.

ఇప్పుడు రెండు వారాలే మిగిలాయి. ఎలా ముగించాలో తోచక ఇక్కడ అడుగుతున్నాను.

కోర్సు చివర 50 మార్కులకు ఒక పరీక్ష పెట్టి జాబితా ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. మూడు నెలలు తమ సొంత విషయాలు రాసుకున్న పిల్లల్ని కూర్చోబెట్టి ‘మీకు నచ్చిన పండుగ’ గురించి గంటలో వ్యాసం రాయమనడానికి నాకు మనసు ఒప్పడం లేదు. పరీక్షకు బదులు అన్ని టపాలకూ మార్కులు వేసి కూడదామంటే, మొదటి నెలలో తడబడి చివరికి చక్కగా రాసిన విద్యార్థికి అన్యాయం జరుగుతుంది.

రెండో సమస్య ఇంకా బరువైనది. ఒక విద్యార్థిని తన తల్లి బీడీలు చుట్టే పని గురించి రాసింది. సాయంత్రం తునికాకు నానబెట్టడం దగ్గర నుంచి, ఒళ్లో చాట పెట్టుకుని చుట్టడం, దారం కట్టడం, కట్టలు లెక్కపెట్టడం దాకా ఆ అమ్మాయి రాసిన పద్ధతి చూస్తే ఆ గదిలో మనం కూర్చున్నట్లే ఉంటుంది. అందులో తల్లి మాట ఒకటి ఉంది: ‘వెయ్యి చేస్తే నూరు పక్కకేసిండ్రు బిడ్డా, ఆ నూరు యాడికి పోతయో నాకు తెల్వది.’ తరగతిలో అందరికంటే ఎక్కువ వ్యాఖ్యలు వచ్చిన టపా ఇదే. గత వారం ఆమె బంధువు ఒకరు దాన్ని చూసి, ఊరి పేరు ఉంది కాబట్టి బీడీలు తీసుకునేవాళ్ల కంట పడితే తల్లికి పని పోతుందని, వెంటనే తీసేయమని చెప్పారట. ఆ అమ్మాయి నా దగ్గరకు వచ్చి ‘మేడమ్, తీసేస్తే మార్కులు పోతాయా?’ అని అడిగింది. ఆ ప్రశ్న విని నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే ఊళ్ల పేర్లు రాయడం గురించి మొదటి వారంలోనే ఆలోచించవలసినదాన్ని నేనే.

మూడోది, కోర్సు అయిపోయాక ఈ ముప్పై ఆరు బ్లాగుల గతి ఏమిటి? అలాగే వదిలేయాలా, మూయించాలా? ఇంకొక సందేహం కూడా ఉంది. తల్లి మాటలను, తన మాటలను కూడా ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాసింది. కోర్సు ముగింపులో దానిని ‘సరిచేయమని’ చెప్పాలా అని మా శాఖలో చర్చ జరిగింది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (అమెరికాలో కంపోజిషన్ బోధించిన పరిశోధకురాలు)

మేడమ్ గారికి నమస్కారం. పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు మొదటి సంవత్సరం విద్యార్థులకు కంపోజిషన్ చెప్పాను. అమెరికాలో ఏ శాఖలో చేరిన విద్యార్థి అయినా సాధారణంగా మొదటి ఏడాది ఈ రచనా కోర్సు చదవవలసి ఉంటుంది. నేను కూడా బ్లాగులతోనే నడిపాను. మీ మొదటి సందేహం దగ్గర నేను చేసిన తప్పు చెబితే మీకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను.

మొదటి సెమిస్టరులో టపాకు ఇన్ని మార్కులని లెక్క పెట్టాను. పన్నెండు టపాలు రాసినవారికి పూర్తి మార్కులు. ఆ లెక్క విద్యార్థులకు అర్థమైన మరుక్షణం నుంచి వాళ్లు నా కోసం కాకుండా, చదివేవారి కోసమూ కాకుండా, ఆ పన్నెండు అనే అంకె కోసం రాశారు. చివరి రోజు రాత్రి కొందరు ఏకంగా ఐదారు టపాలు పెట్టారు. సెమిస్టరంతా ఒకే విషయాన్ని పట్టుకుని మళ్లీ మళ్లీ రాసిన ఒక విద్యార్థికి తొమ్మిదే అయ్యాయి కాబట్టి తక్కువ మార్కులు వచ్చాయి. అతడే ఆ తరగతిలో అందరికంటే బాగా రాసినవాడు. ఆ జాబితా మీద సంతకం పెట్టినందుకు నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రెండో సెమిస్టరు నుంచి పోర్ట్‌ఫోలియో పద్ధతికి మారాను. ఇది కొత్తది కాదు. 1980లలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో పీటర్ ఎల్బో, ప్యాట్ బెలనాఫ్ అనే ఇద్దరు అధ్యాపకులు రచనా పరీక్ష స్థానంలో దీన్ని ప్రవేశపెట్టారు. అంతకుముందు అక్కడ కూడా మీ దగ్గర ఉన్నట్లే గడియారం పెట్టి రాయించే పరీక్ష ఉండేది. వాళ్లు ఆ పరీక్ష తీసేసి, సెమిస్టరులో రాసిన వాటిలో నుంచి కొన్నింటిని విద్యార్థే ఎంచుకుని, తిరగరాసి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ కట్టను పాఠం చెప్పిన అధ్యాపకుడు ఒక్కడే చదివి తేల్చడు, ఆ విద్యార్థిని ఎరగని మరో అధ్యాపకుడు కూడా చదువుతాడు. ఈ రెండో పాఠకుడి ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ఇందువల్ల పాఠం చెప్పినవారు తీర్పరి స్థానంలో నుంచి కాస్త పక్కకు జరిగి, విద్యార్థి పక్షాన నిలబడి రచనను మెరుగుపరచడానికి సాయపడగలుగుతారు. మీ శాఖలో ఇంకొకరు ఒప్పుకుంటే ముప్పై ఆరు కట్టలను చెరి సగం పంచుకుని, ఒకరి సగం మరొకరు కూడా చదవవచ్చు.

మీకున్న రెండు వారాలకు నేనైతే ఇలా చేస్తాను. మొదటి వారం కొత్త టపా రాయించడం పూర్తిగా ఆపేస్తాను. ఇది ముఖ్యం, ఎందుకంటే వెనకబడినవాళ్లు లెక్క నింపడానికి పరుగెడుతుంటే ఎవరికీ వెనక్కి తిరిగి చదువుకునే తీరిక ఉండదు. ప్రతి విద్యార్థీ తన బ్లాగును మొదటి టపా నుంచి వరుసగా చదువుకుని, మూడింటిని ఎంచుకోవాలి. వాటితో పాటు తాను ఇతరులకు రాసిన వ్యాఖ్యల్లో రెండింటిని కూడా ఎంచుకోవాలి. చెరువు గురించి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న వంటిది రాయగలగడం కూడా రచనా శక్తే కదా, దానికి మార్కులు ఉండాలి. రెండో వారం తిరగరాయడానికి. పాత ప్రతిని చెరపకుండా పక్కన ఉంచమనండి. మార్కులు వేసేటప్పుడు నేను రెండు ప్రతులూ ఎదురెదురుగా పెట్టుకుని, ఎక్కడ ఏం మారింది, ఎందుకు మారింది అనేదే చూసేదాన్ని. ఒక విద్యార్థి తన తాతగారి పొలం గురించి రాసిన టపాలో మొదటి మూడు పేరాలు కుటుంబ చరిత్రే ఉండేది. చివరి ప్రతిలో అవి పోయి, తాతగారు చీకట్లో తడుముకోకుండా గొళ్లెం తీసే వాక్యంతో మొదలైంది. ఆ మూడు పేరాలు ఎందుకు తీశాడో అడిగితే, ‘అవి నేను తెలుసుకోవడం కోసం రాసుకున్నవి, చదివేవారి కోసం కావు’ అన్నాడు. మార్కులు ఆ మాటకు వేశాను.

ఇక రెండో సమస్య. ఆ విద్యార్థినికి ఈ రోజే చెప్పండి, టపా తీసేసినా ఒక్క మార్కు కూడా పోదని. రచన మీకు కాగితం మీద ఇచ్చినా సరిపోతుంది. అమెరికాలో విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974లో ఫెర్పా అనే చట్టం వచ్చింది. ఆ చట్టం దృష్టిలో పెట్టుకుని మేము రెండు పద్ధతులు పాటించేవాళ్లం. విద్యార్థి కోరితే మారుపేరుతో రాయవచ్చు, లేదా తరగతికి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. అధ్యాపకుల దిద్దుబాట్లు, మార్కులు బ్లాగు వ్యాఖ్యల్లో ఎన్నడూ కనిపించకూడదు, విడిగా ఇవ్వాలి. మీ విద్యార్థుల్లో 18 ఏళ్లు నిండనివారు ఎవరైనా ఉంటే మరింత జాగ్రత్త అవసరం. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వారిని పిల్లలుగానే లెక్కిస్తుంది.

ఊరి పేరు గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అది మొదటి వారంలో ఆలోచించవలసిన విషయమే అయినా, ముగింపులో ఆలోచించినా ఆలస్యమైపోలేదు.

సమాధానం 2 (తెలుగు బ్లాగరు, సాఫ్ట్‌వేరు ఉద్యోగి, హైదరాబాదు)

మీ మూడో ప్రశ్నకు మాత్రమే జవాబు రాస్తున్నాను. మీ విద్యార్థులు వాడింది గూగుల్ వారి బ్లాగరు అనే వేదికే అయి ఉంటుందని అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి అడగండి: వాళ్లు బ్లాగు తెరిచింది సొంత జీమెయిల్‌తోనా, కళాశాల ఇచ్చిన మెయిల్‌తోనా? కళాశాల మెయిల్ అయితే, చదువు పూర్తయ్యాక ఆ ఖాతాను తొలగిస్తే బ్లాగు కూడా వారి చేయి దాటిపోతుంది. దీనికి పరిష్కారం తేలికే. సెట్టింగుల్లో తన సొంత జీమెయిల్‌కు రచయితగా ఆహ్వానం పంపుకుని, దాన్ని అంగీకరించాక అడ్మిన్ హోదా ఇచ్చుకోవాలి. తరగతి గదిలో అందరూ కలిసి కూర్చుంటే అరగంటలో అయిపోతుంది. పిల్లలు చెదిరిపోయాక ఎవరూ చేయరు, కాబట్టి మిగిలిన రెండు వారాల్లోనే చేయించండి.

సొంత జీమెయిల్ అయినా ఒక షరతు ఉంది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను, వాటిలోని సమాచారంతో సహా తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. కోర్సు కోసమే ఒక కొత్త ఖాతా తెరిచి, పాస్‌వర్డు మరిచిపోయినవారు మీ తరగతిలో తప్పకుండా ఉంటారు. వాళ్లను గుర్తించి, రోజూ వాడే ఖాతాను జోడించమనండి. సెట్టింగుల్లోనే బ్లాగును బ్యాకప్ చేసుకునే వీలు ఉంది. వచ్చే ఫైలును మెయిల్‌లోను, పెన్‌డ్రైవ్‌లోను దాచుకోమనండి. ఫొటోలను మాత్రం విడిగా దాచుకోవాలి.

ఆ విద్యార్థిని టపా విషయానికి వస్తే, తీసేయడానికీ అందరికీ కనిపించేలా ఉంచడానికీ నడుమ దారులు ఉన్నాయి. టపాను తిరిగి చిత్తుప్రతిగా మార్చవచ్చు. అప్పుడది ఆమెకు తప్ప ఎవరికీ కనపడదు, రాసినది పోదు. బ్లాగు మొత్తాన్ని ఎంచుకున్న పాఠకులకే పరిమితం చేయవచ్చు. పొరపాటున బ్లాగునే తొలగించినా 90 రోజుల్లోపు తిరిగి తెచ్చుకునే అవకాశం ఉంది. అయితే తొలగిస్తే పూర్తిగా మాసిపోతుందని కూడా అనుకోకూడదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఎవరైనా ఆ పుటను భద్రపరచి ఉంటే అక్కడ ఒక ప్రతి మిగిలి ఉంటుంది. ఆమె చేత ఒకసారి ఆ చిరునామా అక్కడ వెతికించండి. కనిపిస్తే తొలగించమని వారికి మెయిల్ రాయవచ్చు.

ఇంకొక చిన్న మాట. టపా మీద కనిపించే తేదీని మార్కులకు ఆధారంగా తీసుకోకండి. బ్లాగరులో ప్రచురణ తేదీని వెనక్కి జరపడం ఎవరికైనా సాధ్యమే.

వీటిని మూయించవద్దని మాత్రం మనవి. 2006 ప్రాంతంలో తెలుగు బ్లాగులు ఒక్కసారిగా పెరిగిన రోజుల్లో తెలుగు బ్లాగుల కొత్త టపాలను ఒకచోట చూపించే ‘కూడలి’ అనే సైటులో నేను రోజూ పది కొత్త టపాలు చదివేవాడిని. వాటిలో చాలా భాగం ఈ రోజు లేవు. చిరునామాలు మాత్రం నా పాత బుక్‌మార్కుల్లో ఉన్నాయి, నొక్కితే ఏమీ తెరుచుకోదు. అన్నం వండిన పద్ధతి, బస్సులో విన్న మాట, నాయనమ్మ చెప్పిన సామెత రాసినవాళ్లు వాళ్లు. వాటిని దాచుకోండని ఆ రోజు ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది.

సమాధానం 3 (ఇలాంటి కోర్సు చదివిన పాత విద్యార్థి)

నేను అధ్యాపకుడిని కాదు. ఆరేళ్ల క్రితం డిగ్రీలో ఇటువంటి కోర్సే చదివాను, ఇప్పుడు ఒక పత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేస్తున్నాను. మా కోర్సు ఎలా ముగిసిందో చెబుతాను. చివరి తరగతి జరిగింది, మార్కులు వేశారు, మరునాటి నుంచి మా బ్లాగులకు ఎవరూ రాలేదు. నేను ఇంకో రెండు టపాలు రాశాను. వ్యాఖ్య ఒక్కటీ రాలేదు, మానేశాను. అప్పటిదాకా నేను రాయగలిగింది నా ప్రతిభ వల్లనే అనుకున్నాను. నిజానికి ప్రతి సోమవారం నా రాత కోసం ఎదురుచూసే పదిమంది ఉండడం వల్ల రాయగలిగాను.

కాబట్టి మేడమ్, మార్కుల సంగతి ఎలా తేల్చినా, ముగ్గురు నలుగురు విద్యార్థులను ఒక జట్టుగా చేసి, కోర్సు తరువాత కూడా నెలకొకసారి ఒకరిదొకరు చదువుకునేలా ఒక ఒప్పందం చేయించండి. అందరూ నిలబెట్టుకోరు. నిలబెట్టుకున్న ఒక్క జట్టు నుంచైనా రాసేవాళ్లు వస్తారు. రోజూ ఇతరుల రాతలు దిద్దే పనిలో ఉన్నాను కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలనిపించింది. డిగ్రీ పూర్తయి మా దగ్గరకు వచ్చే యువకుల్లో తమ రాతను తామే కత్తిరించుకోగలిగినవారు చాలా తక్కువ. పైన రాసిన తిరగరాసే వారాన్ని దయచేసి వదలకండి.

సమాధానం 4 (పదవీ విరమణ చేసిన తెలుగు ఉపన్యాసకుడు, శ్రీకాకుళం)

అమ్మా, మీ ప్రశ్నలో చివర రాసిన సందేహం గురించి నేను రాస్తాను, ఎందుకంటే అది నా జీవితకాలమంతా నన్ను వెంటాడిన విషయం.

తరగతిలో విద్యార్థి రాసే వ్యాసం ఏ తెలుగులో ఉండాలన్న తగవు నూరేళ్లు దాటినది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ప్రాంతపు మనిషి. 1910లలో మద్రాసు రాష్ట్రంలో స్కూలు ఫైనలు విద్యార్థులు వ్యాసరచనను గ్రాంథికంలోనే రాయాలా, శిష్టులు వాడుకలో మాట్లాడే భాషలో రాయవచ్చా అన్న ప్రశ్న మీదనే పెద్ద పోరాటం నడిచింది. ఆ పోరాటం పండితుల సభల్లో సాగినట్లు మనం చదువుకుంటాం కానీ, దాని మూలం పరీక్ష గదిలో కూర్చున్న పిల్లవాడి జవాబు పత్రం. బాలురు తాము మాట్లాడని భాషలో రాయవలసి రావడం వల్ల, చెప్పవలసినది ఉండి కూడా చెప్పలేకపోతున్నారన్నదే ఆయన బాధ. ఈ రోజు ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా, కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. దండలు వేసి వచ్చి, తరగతిలో ఆ అమ్మాయి ‘తెల్వది’ని ‘తెలియదు’గా దిద్దితే ఆ దండలకు అర్థం ఉండదు.

తల్లి మాటను ఎవరూ తాకకూడదు. అది సాక్ష్యం వంటిది. ‘వెయ్యి బీడీలు చుట్టగా వంద బీడీలను తిరస్కరించారు’ అని మారిస్తే వార్త మిగులుతుంది, ఆ తల్లి మిగలదు. ఇక విద్యార్థిని సొంత కథనం ఏ తెలుగులో ఉండాలన్నది ఆమే తేల్చుకోవాలి. అధ్యాపకులు అడగవలసింది ఒక్కటే: ఎంచుకున్న భాషను మొదటి నుంచి చివరి దాకా నిలకడగా నడిపిందా? ఒక పేరాలో ‘చేస్తది’ అని, మరో పేరాలో ‘చేస్తుంది’ అని ఉంటే, అది కావాలని చేసిందా, చూసుకోక జరిగిందా అని అడగండి. కీబోర్డు చేసిన ‘కళ’, ‘కల’ పొరపాటు వేరు, యాస వేరు. మొదటిది దిద్దించాలి, రెండోదాన్ని గౌరవించాలి. ఈ తేడా తెలియక నా ఉద్యోగంలో మొదటి పదేళ్లు ఎందరో పిల్లల రాతల్లో మా ఉత్తరాంధ్ర మాటల కింద గీతలు గీశాను. ఇప్పుడు ఆ కాగితాలు దొరికితే ఆ గీతలన్నీ చెరిపేయాలని ఉంది.

మార్కుల విషయంలో అమెరికాలో బోధించిన అమ్మాయి చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. దానికి మన పుస్తకాల సంప్రదాయం నుంచి ఒకటి జోడిస్తాను. ప్రతి విద్యార్థి చేతా తాను ఎంచుకున్న మూడు రచనలకు ఒక ముందుమాట రాయించండి. మన కథకులు తమ సంపుటాలకు రాసుకునే ముందుమాటల్లో ఆ కథ ఎక్కడ పుట్టింది, ఎవరు చదివి ఏమన్నారు, ఏది తీసేశాను, ఎవరికి రుణపడ్డాను అని చెప్పుకుంటారు. పిల్లలు కూడా అదే రాయాలి. ‘ఈ కోర్సు నాకు ఎంతో ఉపయోగపడింది’ వంటి మాటలు ఒక్కటీ ఉండరాదని ముందే చెప్పండి. మారిన వాక్యాన్ని ఎత్తి చూపి, ఎందుకు మారిందో చెప్పాలి. ముందుమాట అనగానే మన పిల్లలకు అదేమిటో తెలుస్తుంది. పోర్ట్‌ఫోలియో అంటే భయపడతారు.

50 మార్కుల్లో 20 తిరగరాసిన మూడు రచనలకు, 15 ముందుమాటకు, 10 వ్యాఖ్యలకు, 5 సెమిస్టరంతా క్రమంగా రాసినందుకు ఇస్తే జాబితా అడిగినవారికి కూడా లెక్క చూపించవచ్చు. ఈ అంకెలు నా అభిప్రాయం మాత్రమే, మీ తరగతిని బట్టి మార్చుకోండి.

ప్రశ్న వేసినవారి జవాబు (పదహారు రోజుల తరువాత)

అందరికీ మనఃపూర్వకంగా ధన్యవాదాలు. పరీక్ష పెట్టలేదు. మా శాఖాధిపతికి పై లెక్కను కాగితం మీద చూపిస్తే, రెండో పాఠకుడిగా తానే ఉంటానన్నారు. మేమిద్దరం కలిసి ముప్పై నాలుగు కట్టలు చదివాం. ఇద్దరు విద్యార్థులు రాలేదు, వారికి ఇంకొక వారం గడువు ఇచ్చాను.

ఖాతాల పని ఒక మధ్యాహ్నం పెట్టుకున్నాం. పద్నాలుగు మంది బ్లాగులు కళాశాల మెయిల్ మీదనే ఉన్నాయని అప్పుడు తెలిసింది. హైదరాబాదు సార్ చెప్పకపోతే అవన్నీ పోయేవి. అరగంటలో అవుతుందన్నారు కానీ మా ఇంటర్నెట్ వల్ల రెండు గంటలు పట్టింది.

తిరగరాసే వారం నేను అనుకున్నదానికంటే కష్టంగా సాగింది. చాలామందికి తిరగరాయడమంటే తప్పులు దిద్దడమే. మూడో రోజున చెరువు గురించి రాసిన అబ్బాయి తన రెండు ప్రతులను బోర్డు మీద పక్కపక్కనే రాసి చూపించాక కొందరికి అర్థమైంది, కొందరికి ఇప్పటికీ కాలేదు. జట్లు తొమ్మిది ఏర్పడ్డాయి. వాటిలో ఎన్ని నిలుస్తాయో చూడాలి.

బీడీల టపా గురించి చెప్పాలి. మార్కులు పోవని చెప్పిన రోజే ఆ అమ్మాయి దాన్ని చిత్తుప్రతిగా మార్చేసింది. వేబ్యాక్ మెషీన్‌లో వెతికాం, ఏమీ లేదు. ఆ తరువాత అచ్చు తీసిన కాగితాన్ని ఇంటికి తీసుకెళ్లమని చెప్పాను, ఎందుకంటే మేమందరం ఆ తల్లి పని గురించి ఇంత చర్చించాం కానీ ఆ తల్లిని అడగలేదు. రాత్రి ఆమె ఆకు కత్తిరిస్తుండగా కూతురు మొత్తం చదివి వినిపించిందట. తల్లి రెండు దిద్దుబాట్లు చెప్పింది. పక్కన వేసినవి నూరు కాదు, ఎనభై అని చెప్పింది. కోపంలో నూరు అన్నానని, కాగితం మీద ఎక్కేటప్పుడు సరైన లెక్క ఉండాలని అన్నదట. ఆకు నానబెట్టాక తడి గోనెపట్టాలో చుట్టి ఉంచే సంగతి కూతురు రాయలేదని కూడా గుర్తు చేసింది. ఊరి పేరు తీసేయమంది, మిగిలినది ఉండనీయమంది.

సార్ చెప్పినట్లు ‘తెల్వది’ అలాగే ఉంది. ఆ అమ్మాయి తన ముందుమాటలో, మొదటి దిద్దుబాటు చెరువు గురించి అడిగిన స్నేహితురాలిదని, రెండోది తనదని, మూడోది అమ్మదని రాసింది. ఊరి పేరు లేని ఆ ప్రతి నిన్న సాయంత్రం మళ్లీ బ్లాగులోకి వచ్చింది.